అప్‌డేట్: క్యారియర్ బిగించాం, అరకు వెళ్లొచ్చాం

మా కాంపాక్ట్ ఎస్‌యూవీ మీద క్యారియర్ పెడితే రూఫ్ తట్టుకుంటుందా అని పోయిన నెల అడిగాను కదా. బిగించాం, విజయవాడ నుంచి అరకు వెళ్లి క్షేమంగా వచ్చాం.

ముందు మాన్యువల్ చూడమన్నవారికి చాలా థ్యాంక్స్. అందులో రాసిన బరువు పరిమితిలోకి రూఫ్‌కి అడ్డంగా వేసే బార్లు, క్యారియర్ బరువు కూడా వస్తాయని నాకు తెలియదు. మొదట వెళ్లిన షాపులో రూఫ్ అంచుల వెంట ఉండే కడ్డీలు (రెయిల్స్) బరువు మోసేవేనా అని కూడా చూడకుండా రూఫ్‌కి డ్రిల్లింగ్ చేస్తామన్నారు. వచ్చేశాను. వేరేచోట క్లాంపులతో బిగించారు, రబ్బరు ప్యాడ్ల కింద దుమ్మంతా తుడిచి మరీ.

50 కిలోమీటర్లకు ఆపి చూస్తే ఒక బోల్టు పావు చుట్టు వదులైంది! దయచేసి మీరూ చూసుకోండి. సామాను కట్టిన స్ట్రాప్ గాలికి బుర్రుమంటుంటే ఒక మెలిక తిప్పి కట్టాం, ఆగిపోయింది. పైన దుప్పట్లు, బట్టలే పెట్టాం. నీళ్ల క్యాన్లు డిక్కీలో. ఘాట్ మలుపుల్లో టెన్షన్ లేదు.