మోకాలి ఆపరేషన్ తర్వాత నొప్పిని ఓర్చుకుని వ్యాయామం చేయాలా?

ప్రశ్న అడిగినవారు:
నాన్నగారికి మోకాలి కీలు మార్పిడి జరిగింది. నొప్పి ఉన్నా కాలు మడవమని ఫిజియోథెరపిస్టు అంటున్నారు. నొప్పి వస్తోందంటే లోపల ఏదో దెబ్బతింటోందని, మానేయమని బంధువులు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

అదే ఆపరేషన్ చేయించుకున్నవారు:
ఓర్చుకోవాల్సిందే. కదపని కీలు బిగుసుకుపోతుంది. తర్వాత ఏడ్చినా కాలు మడతపడదు.

ఫిజియోథెరపిస్టు:
కదపాలన్నది నిజమే. నా అభ్యంతరమల్లా ఆ "ఓర్చుకోవాల్సిందే" దగ్గరే.

నొప్పి గాయానికి కొలబద్ద కాదు. కీలు నుంచి వచ్చే ప్రమాద సంకేతం వెన్నుపాములోనే పెరగవచ్చు, తగ్గవచ్చు. నొప్పిపై పరిశోధన చేసిన మెల్జాక్, వాల్ 1965లోనే ఈ మాట చెప్పారు. వివరాలు తర్వాత మారినా మూలం నిలిచింది. భయం, నిద్రలేమి నొప్పిని పెంచుతాయి. కాబట్టి నొప్పి పుట్టిన ప్రతిసారీ ఏదో తెగిందని బెదిరిపోనక్కర్లేదు.

అంతకంటే ముఖ్యమైనది వాపు. మోకాలిలో నీరు చేరితే తొడ ముందు కండరానికి వెళ్లే ఆజ్ఞను వెన్నుపామే తగ్గిస్తుంది. ఆరోగ్యవంతుల మోకాలిలోకి సెలైన్ ఎక్కించి చూసిన ప్రయోగాల్లో, నొప్పి లేకపోయినా ఆ కండరం సరిగా బిగుసుకోలేదు. కాలు ఎత్తలేకపోతున్న పెద్దాయనను "ప్రయత్నించడం లేదు" అని గదమాయిస్తారే, అది నాకు చాలా బాధ కలిగిస్తుంది. ఆయన మనసు పెట్టినా నరం ఒప్పుకోవడం లేదు! బలవంతంగా మడిస్తే వాపు పెరుగుతుంది, కండరం ఇంకా సహకరించదు. ముందు ఐసుతో వాపు తగ్గించి, తర్వాత కండరం బిగించడం సాధన చేయించాలి. అవసరమైతే కండరానికి విద్యుత్ ప్రేరణ ఇస్తాం.

అదే ఆపరేషన్ చేయించుకున్నవారు:
మరి హద్దు ఎక్కడ? "మెల్లిగా" అంటే చాలామంది అసలే చేయరు. అలా వదిలేసి ఇప్పటికీ కుంటుతున్నవారిని చూశాను.

ఫిజియోథెరపిస్టు:
పదికి నాలుగైదు దాకా నొప్పి ఫర్వాలేదు, మర్నాటి ఉదయానికి సర్దుకోవాలి. వాపు పెరిగితే వ్యాయామం మోతాదు తగ్గించాలి, మానకూడదు. పిక్క వాచినా, జ్వరం వచ్చినా, గాయం నుంచి చీము కారినా అదే రోజు సర్జన్‌కు చూపించాలి. ఆయాసం గానీ ఛాతీ నొప్పి గానీ వస్తే వెంటనే అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి.

అదే ఆపరేషన్ చేయించుకున్నవారు:
వాపు సంగతి ఒప్పుకుంటాను. కాలు పూర్తిగా చాపే విషయంలో మాత్రం రాజీ పడను. సుఖంగా ఉందని రాత్రిళ్లు మోకాలి కింద దిండు పెట్టుకోనివ్వకండి, ఆ వంపు అలాగే ఉండిపోతుంది.