పిల్లల్ని ఆడించడానికి డిగ్రీ ఎందుకంటున్నారు

ప్రశ్న (కావలి నుంచి):
మా అమ్మాయి ఇంటర్ బైపీసీ అయిపోయింది. నీట్ వద్దు, చైల్డ్ డెవలప్‌మెంట్ చదువుతానంటోంది. మా బావగారేమో "మా అమ్మ ఏ డిగ్రీ చదివి ఏడుగుర్ని పెంచింది?" అంటున్నారు. నా దగ్గర జవాబు లేదు. అసలు అందులో ఏం చెప్తారు?

జవాబు (ఒంగోలు నుంచి):
అన్నా, నేను తిరుపతి పద్మావతి మహిళా యూనివర్సిటీలో హోమ్ సైన్స్ చదివాను, చైల్డ్ డెవలప్‌మెంట్ అందులో భాగమే. ఇప్పుడు చీమకుర్తి వైపు అంగన్‌వాడీ సూపర్‌వైజర్ని.

మాకు మొదట నేర్పింది చూడటం. నర్సరీలో ఓ మూల కూర్చుని ఒక్క పిల్లాణ్ణి పావుగంట చూసి రాయాలి. నేను "బాబు మొండివాడు" అని రాశా. మేడం ఎర్ర పెన్నుతో కొట్టేసి, "వాడేం చేశాడో రాయమ్మా, నువ్వేమనుకున్నావో కాదు" అన్నారు. మర్నాడు మళ్లీ కూర్చున్నా. పక్కవాడి బంతి మూడుసార్లు లాక్కున్నాడు, మూడోసారి వాడే తిరిగిచ్చాడు. ముందురోజు కూడా ఇచ్చే ఉంటాడు, నాకే కనపడలేదు.

తర్వాత పియాజే, అంటే పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశీలించిన స్విస్ శాస్త్రవేత్త, ఆయన పాఠాలు. ఇది ఇంట్లోనే చేసి చూడొచ్చు. ఒకేలాంటి రెండు గ్లాసుల్లో సమానంగా మజ్జిగ పోసి, పిల్లాడి ఎదురుగానే ఒకదాన్ని సన్నటి పొడుగు గ్లాసులోకి వంచండి. నాలుగేళ్లవాడు పొడుగుదాంట్లోనే ఎక్కువుందంటాడు. ఏడెనిమిదేళ్లవాడు ఇదేం ప్రశ్నన్నట్టు చూస్తాడు.

తూకం, ఎత్తు, జబ్బ కొలత కూడా ఉంటాయి. ఆర్నెల్ల నుంచి ఐదేళ్లలోపు పిల్లలకి జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తగ్గితే తీవ్ర పోషకాహార లోపమని లెక్క. స్టాటిస్టిక్స్ పేపరొకటి, దాని ఊసెత్తకండి.

ఆమధ్య ఒక కేంద్రంలో మూడేళ్ల పాప నోరు విప్పట్లేదు, మూగదేమో అన్నారు. క్వారీ పనికి వేరే రాష్ట్రం నుంచి వచ్చిన కుటుంబం. సాయంత్రం వాళ్లమ్మ వచ్చేదాకా ఆగాను. అమ్మని చూడగానే హిందీలో గలగలా మొదలుపెట్టింది.

జవాబు (నెల్లూరు నుంచి):
చదువు మంచిదే గానీ ఉద్యోగం సంగతి కూడా చెప్పండక్కా. నోటిఫికేషన్ల కోసం ఎదురుచూడాలి, ప్రైవేటు ప్లే స్కూళ్లలో జీతం అంతంతమాత్రం. గుంటూరు కమ్యూనిటీ సైన్స్ (హోమ్ సైన్స్‌కే కొత్త పేరు) కాలేజీ కూడా విచారించండన్నా.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సమ్మా. నిన్న మా బావగారి మనవడికే మజ్జిగ పోసి అడిగింది మా అమ్మాయి. వాడు పొడుగు గ్లాసు పట్టుకుని ఇక వదల్లేదు. బావగారు "ఏదీ, మళ్లీ పొయ్యి" అని మూడుసార్లు పోయించారు.