చోడి ఆకు ఆర్‌ఎన్‌ఏ పాడైపోతోంది, మన జిల్లాల్లో చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

చోడిపిండి: నమస్కారం. విజయనగరంలో ఎమ్మెస్సీ ఆఖరి ఏడాది. నీటి ఎద్దడి వచ్చినప్పుడు చోడి (అదే, బయటివాళ్ల రాగి) మొక్కలో ఏ జన్యువులు లేస్తాయో, ఏవి అణుగుతాయో చూడటం నా ప్రాజెక్టు. జన్యువు లేస్తే దాని ఆర్‌ఎన్‌ఏ పెరుగుతుంది కదా, అది చదివించడానికి నాలుగు శాంపిళ్లు హైదరాబాద్ పంపితే మూడు పనికిరావన్నారు. రిన్ (ఆర్‌ఎన్‌ఏ ఎంత చెక్కుచెదరకుండా ఉందో పదికి వేసే మార్కు) 3 దాటలేదట, 7 అయినా ఉండాలట. అదే పొలం నుంచి తీసిన డీఎన్‌ఏ మాత్రం శుభ్రంగా వచ్చింది. పొలం గంట్యాడ వైపు, కాలేజీకి గంటన్నర. ఆకులు ఐస్ బాక్సులోనే తెచ్చాను. తప్పెక్కడ జరిగింది?

నాగావళి గట్టు: ఆ గంటన్నరలోనే తమ్ముడూ. డీఎన్‌ఏ మొండిది. ఆకుని సిలికా జెల్‌లో ఎండబెట్టి కవర్లో పెట్టి పోస్టు చేసినా దొరుకుతుంది. ఆర్‌ఎన్‌ఏని తినేసే ఎంజైములు ఆకులోనూ ఉన్నాయి, మన వేళ్ల చెమటలోనూ ఉన్నాయి. వాటిలో కొన్ని ఆటోక్లేవ్‌లో (ల్యాబు ప్రెషర్ కుక్కరు) పెట్టినా చావవు. పైగా తెంపిన ఆకు వెంటనే చచ్చిపోదు కదా, ఐస్ తగలగానే చలికి స్పందించే జన్యువులు లేస్తాయి. రిన్ బాగున్నా నువ్వు కొలిచేది సగం ఐస్ బాక్సునే. తెంపిన చోటే ద్రవ నత్రజనిలో ముంచెయ్యాలి.

ఇంకోమాట. ఆకుల్లో క్లోరోప్లాస్టు ఆర్‌ఎన్‌ఏ కూడా ఉంటుంది కాబట్టి యంత్రం రిన్ కాస్త తక్కువే చూపిస్తుంది. 6.5 వస్తే గాభరా పడకు. 3 అంటే మాత్రం పాడైనట్టే.

చోడిపిండి: చోడి చేలో ద్రవ నత్రజని ఎక్కడిదక్కా?

పాలకొండ పశువైద్యం: పశువులాసుపత్రిలో అడుగు బాబూ. ఎద్దు వీర్యం స్ట్రాలు దాచేది దాంట్లోనే, మైనస్ 196 డిగ్రీలు. ఊళ్లలో పశువులకి సూదులేసే గోపాలమిత్రలు క్యాను బండి మీద కట్టుకుని ఊళ్లు తిరుగుతారు. మీ గైడు సంతకంతో ఉత్తరం పట్టుకుని, క్యాన్లు నింపిన రోజే వెళ్లు. మా దగ్గరికి ఒకమ్మాయి అలాగే వస్తే రెండు లీటర్లిచ్చాం. మూత బిగించకు, పేలిపోద్ది. కార్లో తెస్తే అద్దాలు దించు, గాలాడకపోతే మనిషికే ప్రమాదం.

జీడితోట: మాది పలాస. జీడి ఆకుతో పోలిస్తే చోడి ఆకు దేవుడే! జీడి ఆకు నూరితే జిగురు, గోధుమరంగు, కిట్లన్నీ మూసుకుపోతాయి. చివరికి సీటాబ్ అనే డిటర్జెంటుతో తీసే పాత పద్ధతే దిక్కయింది. నత్రజని బదులు ఆకుల్ని నానబెట్టే ఆర్‌ఎన్‌ఏ నిల్వ ద్రావణాన్నీ నమ్ముకోకండి, ఆకు పైన మైనం ఉంటే లోపలికి దిగదు. సన్నగా తరిగి వేస్తే కొంత నయం.

ఫ్రీజరు సంగతి కూడా చెప్పాలి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను. కరెంటు రోజుల తరబడి లేదు, జనరేటరుకి డీజిల్ దొరకలేదు. మైనస్ 80లో దాచిన రెండేళ్ల ఆకులు నీళ్లయిపోయాయి. అప్పట్నుంచి ప్రతి శాంపిలూ రెండు ఊళ్లలో పెడుతున్నాను.

చంపావతి: నా తప్పు ఇంకా చిత్రం. నీళ్లు పెట్టిన మొక్కల ఆకులు పొద్దున్న 8కి కోశాను. టీ తాగి, మబ్బు చూసి, ఎండగట్టిన మొక్కలవి మధ్యాహ్నం 2కి. ఫలితాల్లో వేల జన్యువులు మారాయని గంతులేశాను. మాస్టారు జాబితా చూసి, "పైన ఉన్నవి గడియారం జన్యువులమ్మా, నువ్వు ఎద్దడిని కాదు, పొద్దుని కొలిచావు" అన్నారు. మొక్కకి పొద్దు తెలిపే ఆ జన్యువుల్లో ఎల్‌హెచ్‌వై లాంటివి తెల్లారి లేస్తాయి, టీఓసీ1 సాయంత్రం. రెండు రకాలూ ఒకే గంటలో, ఒకటి విడిచి ఒకటి కోసుకుంటూ పోవాలి. సీక్వెన్సింగ్ యంత్రంలో రెండు లేన్ల (వరసల) డబ్బు పోయింది, ఇప్పటికీ మా ఇంట్లో చెప్పలేదు.

నాలుగు జీబీ ల్యాప్‌టాప్: ఆ నాలుగు శాంపిళ్లూ రెండేసి చొప్పునా? సరిపోవు. ఒక్కో రకానికి కనీసం మూడు వేర్వేరు మొక్కలు కావాలి. ఒకే మొక్కవి మూడాకులు కోస్తే అవి మూడు కావు.

చోడిలో అసలు చిక్కు డేటా వచ్చాక మొదలవుతుంది. దాని 36 క్రోమోజోములు రెండు పూర్వీకుల నుంచి వచ్చినవి, కాబట్టి చాలా జన్యువులు జంటగా, దాదాపు ఒకేలా ఉంటాయి. యంత్రం ఆర్‌ఎన్‌ఏని చిన్న ముక్కలుగా చదువుతుంది, ఆ 150 అక్షరాల ముక్క జంటలో ఎవరిదో తేల్చడం కష్టం. ఒక్కచోటే అతికే ముక్కల్ని మాత్రమే లెక్కిస్తే బోలెడు పోతాయి. సాల్మన్ అనే ప్రోగ్రాము అయితే వాటిని వాటాలేసి పంచుతుంది, తక్కువ మెమరీలోనూ నడుస్తుంది. ఏ జన్యువు మారిందో తేల్చే డీసెక్2 ప్రోగ్రాముకి అసలు లెక్కలే ఇవ్వు, జన్యువు పొడవుతో భాగించిన ఎఫ్‌పీకేఎం ఇవ్వకు. ల్యాప్‌టాప్ మూలిగితే ఇవన్నీ ఆన్‌లైన్లో నడిపే గెలాక్సీ సర్వర్ ఉచితం. 2017లో బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రచురించిన ఎంఎల్-365 అనే చోడి రకం జీనోము (మొత్తం డీఎన్‌ఏ) ఉంది, దాదాపు 120 కోట్ల అక్షరాలు. వరికి మూడింతలన్నమాట.

నాగావళి గట్టు: ఏ జన్యువు లేచిందో ఆర్‌ఎన్‌ఏ చెబుతుంది, ఎవరు లేపారో చెప్పదు. దానికి క్రోమాటిన్ (ప్రొటీన్లకి చుట్టుకున్న డీఎన్‌ఏ) ఎక్కడ తెరుచుకుందో చూసే అటాక్-సీక్ లాంటి పరీక్షలు కావాలి. ఎమ్మెస్సీలో అంత దూరం పోకు.

చోడిపిండి: (మూడు వారాల తర్వాత) పశువులాసుపత్రి వాళ్లు ఇచ్చారు, వారికి దండం. ఈసారి రకానికి మూడు చొప్పున ఆరు మొక్కలు, అన్నీ పొద్దున్న 9, 10 మధ్యే. అయిదింటికి రిన్ 7 పైనే. ఆరోది కూడా బాగానే ఉంది గానీ, నత్రజనిలో లేబులు ఊడిపోయింది. అది నీళ్లు పెట్టిందో, ఎండగట్టిందో తెలియదు.

జీడితోట: మిగతా అయిదూ లెక్కపెట్టు, ఏది తక్కువైతే అది.

చోడిపిండి: ఓలమ్మా, నిజమే.