దెయ్యం కథకి మొదటి ఆలోచన ఎక్కడ దొరుకుతుంది?

చిన్న దెయ్యం కథ ఒకటి రాస్తున్నాను. మొదలు బాగానే కుదిరింది: ఖాళీ ఇల్లు, తాళం వేసిన బీరువా, లోపలి నుంచి గోకుతున్న చప్పుడు. తలుపు తెరిచే చోటికి వచ్చేసరికి ఆగిపోతున్నాను. లోపల ఎవరిని పెట్టినా అదే విరబోసిన జుట్టు, అవే తెల్ల బట్టలు. భయం మాట అటుంచి, నవ్వొస్తోంది.

అర్ధరాత్రి లైట్లార్పి కూర్చుంటే నిద్ర ముంచుకొచ్చింది. తెలిసినవాళ్లని అడిగితే అన్నీ ‘ఎవరో చెప్పగా విన్నాం’ బాపతే. నిద్ర పక్షవాతం గురించి కూడా చదివాను. మెలకువ వచ్చినా, కలల దశలో పట్టు వదిలిన కండరాలు కాసేపు కదలవట. గదిలో ఎవరో ఉన్నట్టే అనిపిస్తుందట. బాగుంది గానీ, కారణం తెలిశాక భయం కాస్తా ఎగిరిపోయింది.

దెయ్యాన్ని చూపించకుండానే భయపెట్టే కథ రాసేటప్పుడు, మీకు మొదటి ఆలోచన దేన్నుంచి పుడుతుంది: మనిషి నుంచా, చోటు నుంచా, వస్తువు నుంచా?