సమస్యాపూరణం: ‘కవులు లేక రైతు కలఁత చెందె’

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం; ముందు మూడు పాదాలూ మీరు రాయాలి. కవులు లేకపోతే రైతుకేమిటి బాధ? ఆలోచించండి.

పొలంగట్టు:
రాజు గెలుపు పాడ రచ్చలో వేగురు
నాగటి కథ చెప్ప నరుఁడు లేఁడు
చెమట చుక్కమీద చిన్న పద్యము లేదు
కవులు లేక రైతు కలఁత చెందె

నిర్వాహకుడు: ధార బాగుంది. మూడో పాదం నాకు మరీ నచ్చింది. కానీ సమస్యను విప్పకుండా పక్కనుంచి నడిచిపోయారు. అయినా దున్నుకుని బతికిన కవుల కథలు మనకు తక్కువా?

కృష్ణాతీరం:
నోటిమాట చాలు నూటికి నూరని
పొలము దున్నె, నేరు పొంగి ముంచె
పట్ట యున్నవాఁడె పరిహార మందెను
కవులు లేక రైతు కలఁత చెందె

కవులు అంటే ఇక్కడ కౌలు. పాత నిఘంటువుల్లో రెండు రూపాలూ ఉన్నాయి. కౌలు రైతులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం 2011లోనే వచ్చింది. అయినా కాగితం రాసివ్వడానికి భూయజమాని జంకుతాడు, నష్టమొచ్చినప్పుడు దున్నినవాడి పేరు ఎక్కడా ఉండదు.

నిర్వాహకుడు: ఇదీ విరుపు! అయితే ‘పట్టా’ను ‘పట్ట’ చేయడం గణం కోసమే కదా. ‘పాసుబుక్కువాఁడె’ అంటే గణమూ యతీ కుదురుతాయి, ఊళ్లో అనే మాటా అదే.

హలికుడు: నాకు అభ్యంతరం మరోచోట. కౌలు అరబ్బీ ‘ఖౌల్’. అర్థం పలికిన మాట, ఇచ్చిన వాగ్దానం. పారశీకం మీదుగా మన సర్కారు కచేరీలకు చేరింది. 1639లో దామెర్ల నాయకుడు మద్రాసులో కోట కట్టుకోమని ఈస్టిండియా కంపెనీవారికిచ్చిన పత్రం కూడా వారి రికార్డుల్లో కౌలే. తర్వాత సాగుభూమికి స్థిరపడింది. అంటే నోటిమాటే అసలు కౌలు. మీ రైతుకు లేనిది కౌలునామా, అంటే రాసిచ్చిన కాగితం! నా ప్రయత్నం:
అరబువారి మాట యాంధ్రనేలను కౌలు
మాట తప్పె నేఁడు మడి యొసంగు
ధనికుఁ డొకఁడు, చేను దక్కకపోయెను
కవులు లేక రైతు కలఁత చెందె

మంజీర: ‘ఆంధ్రనేల’ అంటే తెలంగాణవాళ్లం మేమెక్కడికి పోవాలి? రక్షిత కౌలుదారు అన్న హక్కు హైదరాబాదు రాష్ట్రపు 1950 చట్టంలోది. ‘అరబువారి మాట యైనది మన కౌలు’ అనండి, యతి చెడదు.

హలికుడు: స్వీకరించాను.

కృష్ణాతీరం: వాదన ఒప్పుకుంటాను, పద్యం మార్చను. మా వైపు ‘కౌలు ఉందా?’ అని బ్యాంకులో అడిగితే కాగితమే చూపించాలి.

నిర్వాహకుడు: ఇద్దరిదీ న్యాయమే. అర్థానికి హలికుడికి, పద్యానికి కృష్ణాతీరానికి నా ఓటు. అన్నట్టు, కవ్వాలి కూడా ఆ ‘ఖౌల్’ నుంచే పుట్టింది.

పొలంగట్టు: అయితే పాడేవాళ్లకూ కౌలుకూ చుట్టరికం ఉన్నట్టే! నా పూరణను కనీసం కోరుకైనా (పంటలో వాటాకైనా) తీసుకోండి.