నాసిక్ షిరాజ్ వైన్, మన ఎర్ర మటన్ కూర: రెండూ కుదురుతాయా?

ధర్మాబాద్_రాజు:
అందరికీ నమస్తే. మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. బావ నాసిక్ నుంచి వస్తూ షిరాజ్ రెడ్ వైన్ సీసా తెచ్చాడు, ఆదివారం ఇంట్లో కూర్చుంటున్నాం, అమ్మ మటన్ కూర, జొన్నరొట్టె చేస్తానంది. మా ఊరి మిర్చి సంగతి తెలిసిందే కదా, కూరంటే పైన ఎర్రగా నూనె తేలాలి. నెట్‌లో చూస్తే అందరూ చీజ్, స్టేక్ అంటున్నారు, అవి ఇక్కడెవరు తింటారు? అసలు దీని రుచి ఎలా ఉంటుంది, మన కూరతో తాగొచ్చా? సీసా మీద మిరియాల వాసన అని రాసుంది, మిరియాలు వేస్తారా ఏంటి? షిరాజ్ అంటే ఇరాన్‌లో ఊరు కదా, ఈ ద్రాక్ష అక్కడిదేనా?

తోటపని_సోలాపూర్:
తమ్ముడూ, మిరియాలు ఎవరూ వెయ్యరు. మిరియాలకు ఆ ఘాటు వాసన ఇచ్చే రోటండోన్ అనే పదార్థం షిరాజ్ ద్రాక్ష తొక్కలోనూ ఉంటుంది, ఆస్ట్రేలియాలో పరిశోధకులు 2008లో ఈ సంగతి బయటపెట్టారు. చల్లటి చోట పండిన కాయలో ఆ వాసన ఎక్కువ, ఎండ ప్రాంతంలో అయితే బాగా మాగిన నల్ల పండ్ల రుచి ముందుకొస్తుంది. గుటక దిగాక నేరేడు పళ్లు తిన్నట్టు నాలుక పట్టేస్తుంది, ఆ వగరు తొక్కల నుంచి, గింజల నుంచి వచ్చే టానిన్ అనే పదార్థానిది.
ఇరాన్ కథ చాలామంది చెబుతారు కానీ నిజం కాదు. 1998లో డీఎన్ఏ పరీక్ష చేస్తే దురేజా, మోందూజ్ బ్లాంష్ అనే రెండు ఫ్రెంచ్ రకాల సంకరం అని తేలింది. సొంతూరు ఫ్రాన్స్‌లో రోన్ నది లోయ, అక్కడ దీన్ని సిరా అంటారు. 1830ల్లో ఆస్ట్రేలియాకి కొమ్మలు వెళ్లాయి, షిరాజ్ పేరు అక్కడే స్థిరపడింది. ఫ్రాన్స్‌లో కోత సెప్టెంబర్ వైపు, మన మహారాష్ట్రలో వానలు తప్పించుకోవాలి కాబట్టి సెప్టెంబర్, అక్టోబర్‌లలో కొమ్మలు కత్తిరించి, కాయ జనవరి నుంచి మార్చి లోపు కోస్తాం. మా సోలాపూర్ జిల్లా అక్లూజ్ వైపు ఇటలీ రకం సాంజొవేజే కూడా పండుతుంది, దొరికితే తప్పకుండా రుచి చూడు, పులుపు ఎక్కువ, టమాటా వేసిన కూరలకి షిరాజ్ కంటే అదే నయం.

దెగ్లూర్_సుజాత:
రాజూ, అమ్మ చేసే ఎర్ర కూరతో మాత్రం వద్దు. వైన్‌లో ఆల్కహాల్ పదమూడు, పద్నాలుగు శాతం ఉంటుంది, అది మిర్చి మంటని ఇంకా రేపుతుంది, ఆ మంటలో వగరు చేదుగా తగులుతుంది, పండు రుచి అసలు తెలియదు. కూర మానమని కాదు, ఆ రోజుకి మిరపపొడి సగానికి తగ్గించి, మిరియాలు దంచి వేసి, కొవ్వున్న ముక్కలతో వేపుడులా దగ్గరికి చెయ్యమను. కొవ్వు, ఉప్పు ఉంటే వగరు మెత్తబడుతుంది. నేనైతే ఖీమానే చేస్తాను, ఉల్లిపాయ బాగా ఎర్రగా వేయించి, చివర్లో మిరియాల పొడి చల్లితే షిరాజ్‌లోని మిరియం, దీంట్లోది రెండూ కలిసిపోతాయి. మాంసం తినని వాళ్లుంటే వంకాయ నిప్పుల మీద కాల్చి, పల్లీ పొడి, వెల్లుల్లి వేసి భరీత్ చెయ్యి, ఆ పొగ వాసనకి ఈ వైన్ చాలా బాగుంటుంది. పచ్చిపులుసు పక్కన పెట్టకు, అంత పులుపు ముందు వైన్ చప్పబడిపోతుంది.

ధర్మాబాద్_రాజు:
థాంక్స్ అక్కా, ఖీమా ఖాయం. ఫ్రిజ్‌లో పెట్టాలా, బయటే ఉంచాలా? ఒక్కరోజులో అవ్వకపోతే పాడవుతుందా?

తోటపని_సోలాపూర్:
రెడ్ వైన్ గది వేడిలో తాగాలన్న మాట చలిదేశాల గదులకి. పదహారు, పద్దెనిమిది డిగ్రీల దగ్గర బాగుంటుంది, నాందేడ్ ఎండల్లో గదే నలభై దాకా ఉంటుంది, ఆ వేడిలో స్పిరిట్ వాసన తప్ప ఏమీ రాదు. తాగే ముందు రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టు, ఐస్ మాత్రం వెయ్యకు. గ్లాసు సగానికి మించి పొయ్యకు, కాస్త తిప్పి వాసన చూసి తాగు. మిగిలితే మూత బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టు, మూడు నాలుగు రోజులు బాగానే ఉంటుంది.