1959 నాటి ‘హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్’: డిటెక్టివ్ కథను దెయ్యాల సినిమా చేయడం ద్రోహమా?

పాతబీరువా:

దెయ్యాల సినిమాలకు పేరుపడ్డ బ్రిటిష్ సంస్థ హ్యామర్ తీసిన ఈ సినిమాను రాత్రి మళ్లీ చూశాను. దర్శకుడు టెరెన్స్ ఫిషర్. డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్‌గా పీటర్ కుషింగ్, దెయ్యపు కుక్క శాపం ఉందనే బాస్కర్‌విల్ వంశపు వారసుడు సర్ హెన్రీగా క్రిస్టఫర్ లీ వేశారు. రంగుల్లో వచ్చిన మొదటి హోమ్స్ సినిమా ఇదే. చూస్తున్నంతసేపూ బాగానే ఉంది. దీపం ఆర్పి పడుకున్నాక కోపం వచ్చింది.

కోనన్ డాయిల్ నవలలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆధారం బూటు. లండన్ హోటల్లో హెన్రీ కొత్త బూటు ఒకటి మాయమవుతుంది. ఆ తర్వాత పాత బూటు ఒకటి పోతుంది, కొత్తది మళ్లీ దొరుకుతుంది. కొత్తదాన్ని తిరిగి పడేసి పాతదాన్ని పట్టుకుపోయే దొంగ ఎక్కడైనా ఉంటాడా? మనిషి వాసన కావలసినవాడైతే ఉంటాడు. ఒక్కసారీ తొడగని బూటుకు ఆ వాసన ఉండదు కదా! అంటే వెంటపడుతున్నది శాపం కాదు, నిజమైన కుక్క. పాత బూటు ఒక్కటి చాలు, దెయ్యం కథ కూలిపోవడానికి.

మరి సినిమా చూసినవాళ్లను బూటు గురించి అడగండి. సాలీడు అంటారు. టరాంట్యులా ఒకటి బూటులోంచి వచ్చి హెన్రీ భుజం మీదికి పాకుతుంది, హోమ్స్ దాన్ని కర్రతో కొట్టి చంపుతాడు. ఆలోచించవలసిన చోట మనల్ని ఉలిక్కిపడమన్నారు. నా లెక్కలో ఇది ద్రోహమే.

మంచుమైదానం:

పాతబీరువా గారూ, బూటు పోవడం సినిమాలోనూ ఉంది. మీకు సాలీడు మీద కోపం, సరే. కానీ ఈ కథలోకి దెయ్యాన్ని తెచ్చింది హ్యామర్ వారా, డాయిల్ గారా? 1893లో హోమ్స్‌ను జలపాతంలోకి తోసేసి డాయిల్ చేతులు దులుపుకున్నాడు. ఆ తర్వాత ఫ్లెచర్ రాబిన్సన్ అనే మిత్రుడు దెయ్యపు వేటకుక్క గురించి జనం చెప్పుకునే కథ వినిపించాడు. ఒళ్లు జలదరించే కథ రాయాలన్నది మొదటి ఆలోచన, అందులో హోమ్స్ లేడు. కుక్క ముందు వచ్చింది, డిటెక్టివ్ తర్వాత వచ్చాడు. 1901లో స్ట్రాండ్ పత్రికలో సీరియల్ మొదలయ్యేసరికి ఇద్దరూ ఒకే కథలో ఉన్నారు.

అంతెందుకు, నవల మధ్యభాగంలో హోమ్స్ ఎక్కడ? బాస్కర్‌విల్ భవనం ఉన్న డార్ట్‌మూర్ బీడు నేలల్లో హోమ్స్ మిత్రుడు వాట్సన్ హోమ్స్ తోడు లేకుండా ఉండి ఉత్తరాలు రాస్తాడు, డైరీ రాస్తాడు, రాత్రిపూట ఏడుపులు వింటాడు. భయపెట్టడం తప్పయితే ముందు డాయిల్‌నే బోనులో నిలబెట్టాలి.

రెండోఆట:

తీవ్రమైన చర్చ నడుస్తుండగా అడ్డు వస్తున్నందుకు క్షమించండి, కుక్క గురించి ఎవరూ మాట్లాడరేం? నవలలో భాస్వరం పూసిన నోరు, నిప్పులు కక్కే కళ్లు. సినిమాలో గ్రేట్ డేన్‌కు ఒక తొడుగు తగిలించారు. ఎనభై నిమిషాలు ఊరించి చివరికి చూపించింది పక్కింటివాళ్ల కుక్కలా ఉంది. అది పెద్దదిగా కనిపించాలని చిన్న పిల్లలకు నటుల దుస్తులు వేసి తీసి చూశారని, అదీ కుదరలేదని చెబుతారు. ఆ ముక్క దొరికితే సినిమా కన్నా ముందు అదే చూస్తాను.

దీపపుసెమ్మె:

నాకు కుక్క కన్నా పటం ముఖ్యం. నవలలో హోమ్స్ బాస్కర్‌విల్ భవనంలో కుర్చీ ఎక్కి, ఎడమచేత్తో దీపం పట్టుకుని, శాపానికి మూలమైన పూర్వీకుడు హ్యూగో పాత చిత్రంలోని టోపీనీ ఉంగరాల జుట్టునూ కుడిచేత్తో కప్పేస్తాడు. కాన్వాసులోంచి పొరుగువాడైన స్టేపుల్టన్ ముఖం బయటికి వస్తుంది, అంటే ఆ నేరస్థుడూ అదే వంశంవాడన్నమాట. చదువుతుంటే అద్భుతం. తెర మీద అయితే? పటంలో పోలిక కనిపించేలా గీస్తే ప్రేక్షకుడు ముందే పసిగడతాడు, కనిపించకుండా గీస్తే తర్వాత నమ్మడు.

హ్యామర్ వారు ఏం చేశారో చూడండి. పటమే మాయం. గోడ మీద ఖాళీ జాగా. పోయిన ఆ పటంలో హ్యూగో చేతివేళ్ల మధ్య చర్మం కలిసిపోయి ఉండేదని హోమ్స్‌కు తెలుస్తుంది. అలాంటి చెయ్యే స్టేపుల్టన్‌ది. నవలలో ఉన్న పటం నేరస్థుణ్ణి పట్టిస్తే, సినిమాలో లేని పటం పట్టించింది. ఇది డిటెక్టివ్ బుర్ర కాదా? పాతబీరువా గారు దీనికి జవాబు చెప్పాలి.

ఇంకొక మాట. మొదట్లో హ్యూగో దౌర్జన్యం పది నిమిషాలు చూపించింది కేవలం భయం కోసం కాదు. నవలలో అది హోమ్స్ దగ్గరికి ఈ కేసు తెచ్చిన డాక్టర్ మార్టిమర్ చదివి వినిపించే 1742 నాటి కాగితం మాత్రమే. సినిమాలో ఆ పెద్దింటి దుర్మార్గం కళ్లముందు జరుగుతుంది కాబట్టి తర్వాత సర్ హెన్రీ ఎంత మర్యాదస్థుడైనా ఆ ఇల్లు మనకు శుభ్రంగా కనిపించదు.

కృష్ణవేణి:

అక్కడే నాకు అభ్యంతరం. పెద్దింటి పాపం గురించే సినిమా అయితే, శిక్ష ఎవరికి పడింది? నవలలో బెరిల్ స్టేపుల్టన్ భార్య, చెల్లెలిగా నటించవలసి వచ్చిన మనిషి. హెన్రీని హెచ్చరించాలని చూస్తుంది, చివరికి స్తంభానికి కట్టేసి దెబ్బలతో దొరుకుతుంది. సినిమాలో ఆమె స్థానంలో స్టేపుల్టన్ కూతురు సెసీల్ వచ్చింది. స్పానిష్ తల్లి బిడ్డ, చెప్పుల్లేని కాళ్లు, కళ్ల నిండా పగ. హెన్రీని వలలో వేసి, ఆఖరికి ఊబిలో మునిగిపోతుంది. పేదరికమూ పరదేశపు రక్తమూ కలిస్తే హంతకి అవుతుందని 1959లో సులువుగా రాసేశారు. మీరంతా సాలీడు గురించి కొట్టుకుంటున్నారు.

మంచుమైదానం:

పరదేశం సంగతి ఒప్పుకుంటాను. కానీ బెరిల్ కూడా కోస్టారికా మనిషే కదా. పైగా హెన్రీ ముఖం మీద తన పగకు కారణం చెప్పే హక్కు సెసీల్‌కు దొరికింది. బెరిల్‌కు ఏడుపే మిగిలింది.

కృష్ణవేణి:

చెప్పనిచ్చి ఊబిలో ముంచారు. మంచి హక్కే.

రెండోఆట:

మనవాళ్లలో చాలామందికి ఈ కథ పరిచయమైంది 1962 నాటి హిందీ ‘బీస్ సాల్ బాద్’తో. అందులో వేటకుక్క అరుపుకు బదులు లత గొంతులో పాట. దాన్ని ద్రోహం అన్నవాళ్లను నేను చూడలేదు.

పాతబీరువా:

పాటకు హోమ్స్ పేరు తగిలించలేదు కదండీ, అందుకే.

దీపపుసెమ్మె గారూ, పటం విషయంలో నేను ఓడిపోయాను. రాత్రి చూస్తున్నప్పుడు ఆ ఖాళీ గోడను పట్టించుకోనే లేదు. సిగ్గుగా ఉంది. కృష్ణవేణి గారు చెప్పింది మాత్రం నా ఫిర్యాదు కన్నా పెద్దది. నేను బూటు గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను.

కుషింగ్ 1968లో బీబీసీ కోసం మళ్లీ హోమ్స్ వేషం కట్టాడు, ఈ కథనే రెండు భాగాలుగా తీశారు. ఆదివారం అది చూస్తాను. సాలీడు విషయంలో మాత్రం నా మాట మారదు.